ప్రొజెస్టెరాన్ తక్కువ అని వచ్చింది, మాత్రలు వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 30. పిల్లల కోసం పది నెలలుగా ప్రయత్నిస్తున్నాం. నాకు మొదటి నుంచీ పీరియడ్స్ 34, 35, 36 రోజులకి వస్తాయి. ఫోన్‌లో యాప్ 14వ రోజు అండం విడుదలవుతుందని చూపిస్తుంది కాబట్టి ప్రతి నెలా 12 నుంచి 16వ రోజు దాకా తప్పకుండా కలుస్తున్నాం. అవే రోజుల్లో ఓవ్యులేషన్ స్ట్రిప్స్ కూడా వాడాను, ఒక్కసారి కూడా రెండో గీత ముదురుగా రాలేదు. పోయిన నెల 21వ రోజున ప్రొజెస్టెరాన్ టెస్టు చేయించుకుంటే 0.8 వచ్చింది, చాలా తక్కువట. ఆ తర్వాత 36వ రోజుకి పీరియడ్స్ వచ్చేశాయి. తెలిసినావిడ ఒకరు తన దగ్గర మిగిలిపోయిన ప్రొజెస్టెరాన్ మాత్రలు ఇచ్చి, 15వ రోజు నుంచి పది రోజులు వేసుకోమంటున్నారు. వేసుకోవచ్చా? ఆఫీసు టెన్షన్ వల్ల నా హార్మోన్లు పాడైపోయాయా? మా ఆయనకి ఏ ప్రాబ్లమూ లేదు, రోజూ జిమ్‌కి వెళ్తారు, ట్రైనర్ చెప్పాడని ఏడు నెలలుగా వారానికోసారి టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ కూడా తీసుకుంటున్నారు, చాలా హుషారుగా ఉన్నారు. లోపం నాలోనే ఉందనిపిస్తోంది.

జవాబు: ముందు ఆ మాత్రలు పక్కన పెట్టేయండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు బెంగపడుతున్న 0.8 అనే అంకెలో నాకు బెంగపడాల్సింది ఏమీ కనిపించలేదు గానీ, చివర్లో మీవారిని మెచ్చుకుంటూ రాసిన ఇంజెక్షన్ మాట దగ్గర మాత్రం గతుక్కుమన్నాను. దాని దగ్గరికి వస్తాను. మీరు అడిగింది మీ రిపోర్టు గురించి కాబట్టి అదే మొదట.

ఆ రిపోర్టు కాగితం ఇంకోసారి తీసి చూడండి. ప్రొజెస్టెరాన్ దగ్గర నార్మల్ రేంజ్ అని ఒకటే అంకె ఉండదు, సాధారణంగా మూడు నాలుగు వరుసలు ఉంటాయి: ఫాలిక్యులర్ ఫేజ్, ఓవ్యులేషన్ సమయం, ల్యూటియల్ ఫేజ్, ఇలా. మీకు తక్కువ అని చెప్పినవాళ్లు ల్యూటియల్ వరుసతో, అంటే అండం విడుదలయ్యాక వచ్చే రోజుల వరుసతో, పోల్చి చెప్పారు. పై వరుసతో, అంటే అండం ఇంకా విడుదల కాని రోజుల వరుసతో పోల్చి చూడండి, మీ 0.8 దాదాపుగా అందులోనే పడుతుంది. మీరు ఏ దశలో ఉన్నారో ల్యాబ్‌కి తెలియదు, 21వ రోజు అని మీరు చెప్తే వాళ్లు 28 రోజుల లెక్కలో ఊహించుకున్నారంతే.

ఈ 21 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందంటే, పీరియడ్స్ 28 రోజులకి వచ్చే మనిషికి అండం సుమారు 14వ రోజున విడుదలవుతుంది, ఆ తర్వాత వారానికి, అంటే 21కి, ప్రొజెస్టెరాన్ బాగా పెరిగి ఉంటుంది, అందుకని ఆ రోజు రక్తం తీస్తారు. కానీ అసలు నియమం ముందు నుంచి లెక్కపెట్టేది కాదండీ, వెనక నుంచి లెక్కపెట్టేది. 1920ల్లో జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నౌస్ అనే ఇద్దరు డాక్టర్లు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా కనిపెట్టిన విషయం ఇదే: అండం విడుదలయ్యేది రాబోయే పీరియడ్స్‌కి దాదాపు రెండు వారాల ముందు. పోయిన పీరియడ్స్ నుంచి ఎన్ని రోజులైందన్నది మనిషిని బట్టి, నెలను బట్టి మారిపోతుంది. వందేళ్ల కిందటి ఈ లెక్క యాప్‌లు తయారుచేసేవాళ్లకి తెలియక కాదు, మీరు మొదట్లో పెట్టిన 28ని మార్చకుండా వదిలేసి ఉంటారు.

ఇప్పుడు మీ నెలని వెనక నుంచి లెక్కపెట్టండి. 36వ రోజుకి పీరియడ్స్ వచ్చాయి, అందులోంచి రెండు వారాలు తీసేస్తే అండం విడుదలైంది 22, 23 ప్రాంతంలో. మీరు రక్తం ఇచ్చింది 21న. అంటే అండం ఇంకా బయటికి రాకముందే వచ్చిందా లేదా అని చూశారు. ఆ రోజు ప్రొజెస్టెరాన్ ఎక్కువ ఉంటేనే నేను ఆశ్చర్యపోయేదాన్ని. మీకు ఆ టెస్టు చేయాల్సింది 29వ రోజు అటూ ఇటూగా.

ఇంకో సంగతి కూడా ఇదే లెక్కలో తేలిపోతుంది, ఇది కాస్త బాధగానే ఉంటుంది మీకు. వీర్యకణాలు ఆడవాళ్ల శరీరంలో అనుకూలమైన స్రావాలు ఉన్న రోజుల్లో ఐదు రోజుల దాకా బతుకుతాయి, అండం మాత్రం బయటికి వచ్చాక 12 నుంచి 24 గంటలే. అందుకే గర్భం వచ్చే అవకాశం ఉన్నది అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు, మొత్తం ఆరే రోజులు. 1995లో 221 మంది ఆడవాళ్లని గమనించిన ఒక పెద్ద అధ్యయనంలో ఈ ఆరు రోజుల బయట కలిసినప్పుడు గర్భం నిలిచిన సందర్భం ఒక్కటీ కనిపించలేదు. మీకు ఆ ఆరు రోజులు సుమారు 17 నుంచి 22. మీరు శ్రద్ధగా పాటించినవి 12 నుంచి 16. ఆ తర్వాత పని అయిపోయిందని ఊరుకున్నట్టయితే, పది నెలలూ తలుపు తెరుచుకునే ముందు రోజే వెనక్కి వచ్చేశారన్నమాట. స్ట్రిప్స్ కూడా అంతే, అవి సరిగ్గానే పనిచేశాయి, మీరు అడిగిన రోజుల్లో చెప్పడానికి వాటి దగ్గర ఏమీ లేదు.

లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్తాను, ఎందుకంటే అది తెలిస్తే మాత్రలు ఎందుకు వద్దన్నానో, మీవారి ఇంజెక్షన్ దగ్గర ఎందుకు ఆగిపోయానో రెండూ ఒకేసారి అర్థమవుతాయి. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంటుంది. అది గంటకో, గంటన్నరకో ఒకసారి ఒక చిన్న మోతాదు హార్మోన్ వదులుతుంది, దాన్ని జీఎన్‌ఆర్‌హెచ్ అంటారు. అలా ఆగి ఆగి వదలడమే ముఖ్యం. ధారగా వదిలితే కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి కొన్నాళ్లకి స్పందించడమే మానేస్తుంది, 1970ల్లో కోతుల మీద చేసిన ప్రయోగాల్లో ఇది తేలింది. ఆ సంకేతం అందుకుని పిట్యూటరీ రెండు హార్మోన్లు రక్తంలోకి పంపుతుంది: ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్. ఆడవాళ్లలో ఇవి అండాశయానికి వెళ్తాయి, మగవాళ్లలో వృషణాలకి. అవే హార్మోన్లు, అవే పేర్లు. అక్కడ తయారైన ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్, టెస్టోస్టెరాన్ తిరిగి రక్తంలో మెదడు దాకా వస్తాయి. మెదడు వాటి మోతాదు చూసి, సరిపడా ఉంటే పైనుంచి సంకేతం తగ్గిస్తుంది, తక్కువైతే పెంచుతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకులో తేలే బంతి లాంటి ఏర్పాటు ఇది, నీళ్లు నిండితే బంతి పైకి లేచి కొళాయి కట్టేస్తుంది. ఆ నీళ్లు మోటారు పోసిందా, మీరు బయటి నుంచి బకెట్‌తో పోశారా అన్నది బంతికి తెలియదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

మీలో నెల మొదట్లో ఎఫ్‌ఎస్‌హెచ్ కొన్ని ఫాలికిల్స్‌ని, అంటే ఒక్కో అండం ఉన్న చిన్న నీటి సంచుల్ని పెంచడం మొదలుపెడుతుంది. వాటిలో ఒకటి మిగతావాటిని దాటిపోతుంది, అది పెరిగేకొద్దీ ఈస్ట్రోజన్ ఎక్కువ చేస్తుంది, ఆ ఈస్ట్రోజన్ చూసి మెదడు ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గిస్తుంది, దాంతో వెనకబడ్డ ఫాలికిల్స్ ఎండిపోతాయి. ఇంతవరకు బంతీ కొళాయీ లెక్కే. ఇక్కడ ఒక విచిత్రం జరుగుతుంది, క్లాసులో పాఠం చెప్పేటప్పుడు నేను బోర్డు మీద గీత గీస్తూ ఇక్కడ ఆగేదాన్ని, ఎవరైనా ఇదేంటి అని అడుగుతారేమోనని. ఈస్ట్రోజన్ ఒక స్థాయి దాటి, మిల్లీలీటరుకి 200 పికోగ్రాముల పైన, దాదాపు రెండు రోజులు అలాగే నిలబడితే, అప్పటిదాకా చాలు చాలు అన్న అదే హార్మోన్ ఇప్పుడు పోయ్ పోయ్ అంటుంది. పిట్యూటరీ ఒక్కసారిగా ఎల్‌హెచ్ కుమ్మరిస్తుంది. స్ట్రిప్ మీద గీత ముదురుగా వచ్చేది దీనికే. ఆ ఎల్‌హెచ్ ఎగబాకడం మొదలైన సుమారు 36 గంటలకి, అప్పటికి రెండు సెంటీమీటర్లంత పెరిగిన ఆ సంచి పగిలి అండం బయటికి వస్తుంది.

అంటే మీ శరీరం రోజులు లెక్కపెట్టుకుని 14న అండం వదలదు. ఫాలికిల్ ఎదిగి, నేను రెడీ అని ఈస్ట్రోజన్‌తో కబురు పంపాకే వదులుతుంది. కొందరికి ఆ కబురు 12వ రోజుకి వస్తుంది, మీకు 21కి వస్తోంది. ఆరు లక్షలకి పైగా నెలసరుల్ని లెక్కగట్టి 2019లో వచ్చిన ఒక విశ్లేషణలో 28 రోజులకి కచ్చితంగా వచ్చినవి వందలో 13 మాత్రమే. పీరియడ్స్ 24 నుంచి 38 రోజుల మధ్య ఒక పద్ధతిలో వస్తుంటే దాన్ని మామూలుగానే చూస్తారు, మీవి ఎప్పుడూ ఒక రోజు తేడాతో వస్తున్నాయి.

అండం వెళ్లిపోయాక ఆ పగిలిన సంచి వృథా కాదు. గోడలు ముడతలు పడి, కణాలు కొవ్వుతో నిండి పసుపుపచ్చగా మారుతుంది, అందుకే దాని పేరే పసుపు ముద్ద, లాటిన్‌లో కార్పస్ ల్యూటియం. చిటికెన వేలి కొసంత ఉంటుంది, రోజుకి పాతిక మిల్లీగ్రాములకి పైగా ప్రొజెస్టెరాన్ తయారుచేస్తుంది. 1903లో ఫ్రాంకెల్ అనే జర్మన్ డాక్టర్ కడుపుతో ఉన్న కుందేళ్లలో దీన్ని తీసేస్తే గర్భం నిలవదని చూపించాడు. దీని ఆయుష్షు రెండు వారాలే. ఈలోపు పిండం గర్భసంచి గోడకి అంటుకుంటే, అది హెచ్‌సీజీ అనే హార్మోన్ వదిలి, నేనున్నాను, నువ్వు ఆగకు అని దీన్ని బతికిస్తుంది (ప్రెగ్నెన్సీ టెస్టులో మనం చూసేది ఈ హెచ్‌సీజీనే). ఏ కబురూ రాకపోతే పసుపు ముద్ద వాడిపోతుంది, ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, పీరియడ్స్ వస్తాయి. వెనక నుంచి లెక్క ఎందుకు నిలబడుతుందో చూశారా, ఈ రెండో సగమే కాస్త స్థిరంగా ఉండేది. మొదటి సగం ఎంతైనా సాగుతుంది.

ఇప్పుడు ఆ మాత్రల సంగతి. మామూలుగా ప్రొజెస్టెరాన్ చెప్పుకోదగ్గంత పెరిగేది అండం వెళ్లిపోయాకే. కాబట్టి రక్తంలో అది కనిపిస్తే మెదడు, ఓహో ఈ నెల అండం అయిపోయింది అనుకుని పై సంకేతాలు నెమ్మదింపజేస్తుంది. మీరు 15వ రోజున బయటి నుంచి ప్రొజెస్టెరాన్ వేసుకుంటే, 21న రావాల్సిన ఎల్‌హెచ్ ఉప్పెన రాకుండా పోవచ్చు, అండం విడుదల కాకుండానే ఆగిపోవచ్చు. ప్రొజెస్టెరాన్ ఇస్తే అండం విడుదల ఆగుతుందని 1937లోనే కుందేళ్లలో చూశారు, గర్భనిరోధక మాత్రలు పుట్టింది ఆ దారిలోనే. ఇంకా ఘోరం ఏంటంటే, పది రోజులు వేసుకుని 24న ఆపేస్తే రెండు మూడు రోజుల్లో బ్లీడింగ్ వస్తుంది, అప్పుడు మీరు, అబ్బ, మాత్రలు పనిచేశాయి, సరిగ్గా 28కి వచ్చింది అని సంబరపడి ఇంకో నెల వేసుకుంటారు. ఆ నెల అండమే వచ్చి ఉండకపోవచ్చు. ఆ ఇచ్చినావిడకి డాక్టర్ ఏ కారణానికి, ఏ రోజు నుంచి రాశారో మనకి తెలియదు. తిరిగి ఇచ్చేయండి.

ఇక మీవారి దగ్గరికి వద్దాం. బంతికి నీళ్లు ఎక్కడివో తెలియదన్నాను కదా. వారం వారం ఇంజెక్షన్‌తో రక్తంలో టెస్టోస్టెరాన్ నిండుగా కనిపిస్తుంటే మెదడు కొళాయి కట్టేస్తుంది. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ అడుగంటుతాయి. ఎల్‌హెచ్ లేక వృషణాలు సొంతంగా టెస్టోస్టెరాన్ చేయడం మానేస్తాయి. వీర్యకణాలు తయారవ్వాలంటే వృషణాల లోపల టెస్టోస్టెరాన్ రక్తంలో ఉన్నదానికంటే పదుల రెట్లు ఎక్కువ ఉండాలి, అంత మోతాదు అక్కడికక్కడ తయారైతేనే ఉంటుంది, భుజానికి వేసుకున్న ఇంజెక్షన్‌తో అందదు. కాబట్టి రక్తంలో పొంగిపొర్లుతూ ఉంటుంది, కావాల్సిన చోట కరువు. ఇదేదో అరుదైన సైడ్ ఎఫెక్ట్ అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మగవాళ్లకి గర్భనిరోధకంగా పరీక్షించింది ఈ మందునే. వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ ఇచ్చి చూసి 1990లో ఫలితాలు ప్రకటించారు, ఆ 271 మందిలో సగానికి పైగా వీర్యకణాలు పూర్తిగా సున్నాకి వచ్చాయి. మీవారికి ట్రైనర్ చెప్పింది వారానికో ఇంజెక్షన్, మీరు ప్రయత్నిస్తున్న పది నెలల్లో ఏడు నెలలు.

ఆయన హుషారుగా ఉన్నారు కదా అంటారు. ఉంటారు మరి, కోరిక, బలం, కండ, ఇవన్నీ రక్తంలో ఉన్న టెస్టోస్టెరాన్‌తో నడుస్తాయి, అది పుష్కలంగా ఉంది. వీర్యం కూడా చూడటానికి పెద్దగా తేడా ఉండదు, ఎందుకంటే అందులో ద్రవం అంతా దాదాపు ప్రోస్టేట్ నుంచి, సెమినల్ వెసికిల్స్ అనే సంచుల నుంచి వస్తుంది, వృషణాల నుంచి వచ్చే వాటా వందలో ఐదు కూడా ఉండదు. కణాలు ఉన్నాయా లేవా అన్నది మైక్రోస్కోపు కింద తప్ప తెలిసే మార్గం లేదు. బయటికి తెలిసే గుర్తు ఏదైనా ఉంటే, వృషణాలు కాస్త చిన్నబడి మెత్తగా అవ్వడం. ఆయన గమనించే ఉంటారు, చెప్పుకోవడానికి మొహమాటపడి ఉంటారు.

కంగారు పడొద్దు, చాలామందికి ఇది తిరిగి వస్తుంది. కానీ టైం పడుతుంది. ఒక వీర్యకణం తయారవ్వడానికే 70 రోజులకి పైగా కావాలి, అది కూడా మెదడు మళ్లీ మేలుకుని ఎల్‌హెచ్ పంపడం మొదలుపెట్టాక. ఎక్కువమందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో కోలుకుంటుంది, కొందరికి రెండేళ్ల దాకా పట్టొచ్చు. ఇంజెక్షన్ ఆపిన మొదటి వారాల్లో నీరసం, చిరాకు, కోరిక తగ్గడం ఉంటాయి, బయటిది అయిపోయి లోపలిది ఇంకా మొదలవ్వని సంధికాలం అది. చాలామంది అక్కడే భయపడి మళ్లీ సూది పట్టుకుంటారు. అందుకే ఆపడం ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టర్) లేదా ఆండ్రాలజిస్టు (మగవాళ్ల సంతాన సమస్యలు చూసే డాక్టర్) చేతుల మీదుగా జరగాలి, అవసరమైతే వాళ్లు వృషణాలని మేలుకొలిపే మందులు ఇస్తారు. అందులో ఒకటి, నమ్ముతారో లేదో, ఇందాక చెప్పిన హెచ్‌సీజీనే. అది ఎల్‌హెచ్‌లా నటిస్తుంది, వృషణాల్లో కణాలు రెంటికీ తేడా పట్టలేవు. ఇవి కూడా జిమ్‌లో దొరికితే అక్కడ కొనొద్దని విడిగా చెప్పక్కర్లేదనుకుంటాను.

చేయించాల్సినవి: ఆయనకి వీర్య పరీక్ష, రెండు నుంచి ఏడు రోజుల విరామం తర్వాత, బాగా తక్కువ వస్తే మళ్లీ ఇంకోసారి. రక్తంలో ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టెరాన్. టెస్టోస్టెరాన్ ఎక్కువగా ఉండి మిగతా రెండూ దాదాపు సున్నా అయితే అది బయటి నుంచి వచ్చిందే, ఇక వెతకనక్కర్లేదు. ఇంజెక్షన్ గురించి డాక్టర్ దగ్గర దాచొద్దు, ఏ మందు, ఎంత మోతాదు, ఎప్పటి నుంచి, ఖాళీ సీసా ఉంటే అది కూడా తీసుకెళ్లండి. మామూలుగా 35 ఏళ్ల లోపువాళ్లని ఏడాది ప్రయత్నించాక రమ్మంటారు, మీరు మాత్రం ఆ ఏడాది నిండేదాకా ఆగొద్దు. ఈ మాట ఆయనకి ఎలా చెప్పాలో తెలియకపోతే నా జవాబులో ఈ భాగం ఆయన్నే చదవమనండి. ఆయన తప్పు చేశారని కాదు, ఆ ఇంజెక్షన్ గర్భనిరోధకమని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

మీ టెన్షన్ ప్రశ్నకి ఒక్క ముక్కలో చెప్తాను. బాగా బరువు తగ్గిపోవడం, పెద్ద జబ్బు, తీవ్రమైన ఒత్తిడి హైపోథాలమస్‌ని నెమ్మదింపజేస్తాయి, అప్పుడు అండం ఆలస్యమవుతుంది లేదా ఆగిపోతుంది. ఏళ్ల తరబడి 34 నుంచి 36 మధ్యే వస్తున్న మీకు అది వర్తించేలా లేదు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్లకి ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి, ఎలాగూ డాక్టర్ రాస్తారు.

వచ్చే నెల స్ట్రిప్స్ 16వ రోజు నుంచి మొదలుపెట్టండి, రోజూ ఇంచుమించు ఒకే సమయానికి, ముదురు గీత వచ్చేదాకా. ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకుని దానికి ఎనిమిది రోజులు కలపండి, ప్రొజెస్టెరాన్‌కి రక్తం ఇవ్వాల్సింది ఆ రోజు. మిల్లీలీటరుకి 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టే. అంతకంటే ఎంత ఎక్కువుందని మాత్రం పట్టించుకోకండి, ఆ రోజుల్లో ఈ హార్మోన్ కొన్ని గంటల్లోనే రెండు మూడు రెట్లు పెరిగి తగ్గుతుంటుంది. ల్యాబ్‌లో ఎన్నో రోజు అని అడిగితే, పీరియడ్స్ మొదలైన తేదీతో పాటు స్ట్రిప్ తేదీ కూడా కాగితం మీద రాయించండి. యాప్‌లో 28 తీసేసి 35 పెట్టండి.